పద్నాలుగు డీజీయూల్లో చెమ్మ: ఒక కేస్ స్టడీ

మొదటి ఫోన్ అద్దాలు బిగించిన 14 నెలలకి వచ్చింది. బిల్డింగ్ మెయింటెనెన్స్ చూసే ఆయన మర్యాదగానే చెప్పారు. "సార్, రెండో అంతస్తులో ఒక కిటికీ మసకగా ఉందండీ. బయట తుడిపించాం, లోపల తుడిపించాం, పోవట్లేదు." ఆ మాటతోనే నాకు విషయం అర్థమైంది. అవి డీజీయూలు, అంటే మధ్యలో ఖాళీ వదిలి రెండు అద్దాలని కలిపి అంచులు మూసేసినవి. రెండు వైపులా తుడిచినా పోలేదంటే మసక రెండు అద్దాల మధ్య ఉన్నట్టే. అక్కడికి ఏ గుడ్డా వెళ్లదు.

"మిగతావి కూడా ఒకసారి పొద్దున్నే చూడండి" అన్నాను. రెండు రోజుల తర్వాత ఆయనే మళ్లీ చేశారు. ఒకటి కాదు, ఎనిమిది. నేను వెళ్లి లెక్కపెట్టేసరికి పద్నాలుగు.

ఆ అద్దాలు దించింది, దాచింది, బిగించింది అన్నీ నా టీమే. అందుకే ఇది ఎవరి మీదో రాస్తున్న రిపోర్టు కాదు.

పని వివరం

మూడంతస్తుల ఆఫీసు భవనం, మొత్తం 84 డబుల్ గ్లేజ్డ్ యూనిట్లు. సైట్‌లో అందరం డీజీయూలు అనే అంటాం. కూర్పు 6-12-6. అంటే 6 మి.మీ. అద్దం, 12 మి.మీ. ఖాళీ, మళ్లీ 6 మి.మీ. అద్దం, మొత్తం మందం 24 మి.మీ. కింది అంతస్తుకి 12 పెద్దవి, ఒక్కోటి 1.5 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు, టఫెన్డ్ గ్లాస్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం). పై రెండు అంతస్తులకి 72, ఒక్కోటి 1.2 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల ఎత్తు, టఫెన్ చేయని మామూలు అద్దం. అన్నిటిలోనూ బయటి అద్దానికి లోపలి వైపు ఎండ వేడిని తగ్గించే కోటింగ్ ఉంది.

అద్దం బరువు నోటిలెక్కలో తేలిపోతుంది: 1 మి.మీ. మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు. ఈ యూనిట్లలో అద్దం మందం మొత్తం 12 మి.మీ. కాబట్టి చదరపు మీటరుకు 30 కిలోలు. చిన్నది దాదాపు 65 కిలోలు, పెద్దది 108. ఈ అంకెలు తర్వాత పనికొస్తాయి.

యూనిట్లు నాలుగు స్టాండ్లలో వచ్చాయి. ఒకటో స్టాండు మీద పెద్దవి పన్నెండు, మిగతా మూడింటి మీద ఇరవై నాలుగేసి, అటు పన్నెండు ఇటు పన్నెండు. అద్దాలు వచ్చాయి కానీ ఫ్రేములు రాలేదు. ఏడు వారాలు ఆగాం. అది వానాకాలం. ఒకటి, రెండు స్టాండ్లకి కింది హాల్లో చోటు దొరికింది. మూడు, నాలుగు బయట పెరట్లో టార్పాలిన్ కింద ఉండిపోయాయి. "నాలుగు రోజులే కదా" అని నేనే అన్నాను. నాలుగు రోజులు ఏడు వారాలవుతాయని అప్పుడు తెలియదు.

మొదటి అనుమానం

డీజీయూ పాడైందనగానే చేసిన ఫ్యాక్టరీనే అనుమానిస్తాం. నేనూ అదే చేశాను, ఉత్తరం కూడా సగం రాసి పెట్టాను. ఎందుకంటే డీజీయూ ప్రాణమంతా అంచులో ఉంటుంది, ఆ అంచు కట్టేది ఫ్యాక్టరీయే.

రెండు అద్దాల మధ్య చుట్టూ స్పేసర్ పట్టీ ఉంటుంది. దాని బోలు కడుపులో తేమ పీల్చే గుళికలుంటాయి. స్పేసర్ రెండు పక్కలా అద్దానికి బ్యూటైల్ అనే నల్లటి జిగురు రబ్బరు గీత అంటుకుని ఉంటుంది. తేమని ఆపేది ప్రధానంగా అదే. దాని వెనక బయటి అంచున పాలీసల్ఫైడో సిలికానో పాలీయూరెథేనో నింపుతారు. రెండు అద్దాలని కలిపి పట్టుకునేది ఆ రెండో సీలు. మా యూనిట్లలో ఉన్నది పాలీసల్ఫైడ్. ఎంత మంచి యూనిట్‌లోకైనా ఏళ్ల తరబడి కాస్త కాస్త తేమ దిగుతూనే ఉంటుంది, గుళికలు దాన్ని తాగుతూ ఉంటాయి. అవి నిండిపోయిన రోజు లోపల చెమ్మ కనపడుతుంది. ఆ రోజు రావడానికి ఎన్నో ఏళ్లు పట్టాలి. పద్నాలుగు నెలల్లో వచ్చిందంటే తేమ దొడ్డిదారిన వచ్చినట్టే.

ఉత్తరం పూర్తి చేసే ముందు ఒక పని చేశాం. స్పేసర్ మీద తయారీ తేదీ, నంబరు సన్నగా ముద్రించి ఉంటాయి. టార్చి ఏటవాలుగా పట్టుకుంటే చదవొచ్చు. మా మేస్త్రి నిచ్చెన ఎక్కి చదువుతుంటే నేను కింద ప్లాన్ కాగితం మీద రాసుకున్నాను. పద్నాలుగు నంబర్లు. చూస్తే ఏ క్రమమూ లేదు. ఎండ తగిలే వైపు ఉన్నాయి, తగలని వైపూ ఉన్నాయి. కింది అంతస్తులో ఉన్నాయి, పై రెండిటిలోనూ ఉన్నాయి. తయారీ తేదీలు కూడా మూడు రోజులకి చెదిరి ఉన్నాయి.

తర్వాత పాత డెలివరీ చలాన్ తీశాను. అందులో ఏ నంబరు ఏ స్టాండు మీద, ఏ వైపు ఉందో రాసి ఉంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని టిక్కులు పెడుతుంటే ఆరో టిక్కు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పద్నాలుగులో పది నాలుగో స్టాండువే. ఆ పదీ ఒకే వైపువి. ఆ వైపు ఉన్నవి మొత్తం పన్నెండు.

ఉత్తరం చింపేశాను.

కోసి చూస్తే

చెమ్మ పట్టిన వాటిలో ఒకదాన్ని దించి టేబుల్ మీద పెట్టి అంచు కోశాం. ఈ కేసులో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. పై అంచున కత్తి దించి పాలీసల్ఫైడ్‌ని లాగితే రాలేదు. గట్టిగా లాగితే మధ్యలో చిరిగింది, సగం అద్దానికే అంటుకుని ఉండిపోయింది. అంటే అతుకు బాగుంది, చిరిగింది సీలెంటే. పక్క అంచులూ అంతే, అడుగు నుంచి ఓ జానెడు ఎత్తు వరకు తప్ప. కింది అంచుకి వచ్చేసరికి కత్తి అవసరమే పడలేదు. గోరుతో మొదలుపెడితే అరటి నారలా పొడుగ్గా ఊడి వచ్చేసింది. దాని వెనక అద్దం శుభ్రంగా, ఏమీ అంటుకోని కొత్త అద్దంలా ఉంది.

ఒకే యూనిట్, ఒకే సీలెంట్, ఒకే రోజు ఒకే మెషిన్ మీద తయారైంది. ఫ్యాక్టరీలో మిక్సింగ్ చెడి ఉంటే నాలుగు వైపులా చెడాలి. అడుగు మాత్రమే చెడింది. అడుగున అద్దం మీద తెల్లటి చారలు కూడా ఉన్నాయి, తుడిస్తే పోలేదు. సిమెంటు నీళ్లు చాలాకాలం నిలిస్తే అద్దాన్ని అలా తినేస్తాయి. ఆ నీళ్లలో క్షారం ఎక్కువ. అద్దాన్నే తినే నీళ్లు అద్దానికీ సీలెంటుకీ మధ్య అతుకుని వదులుతాయా?

గుళికల సంగతి కూడా చూశాం. ఈ పరీక్ష ఎవరైనా చేయొచ్చు. మంచి గుళికలు కొన్ని అరచేతిలో పోసుకుని రెండు చుక్కల నీళ్లు వేస్తే చెయ్యి చురుక్కుమనేంత వేడెక్కుతాయి. నీళ్లు పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. గోదాములో మిగిలిన ఒక స్పేర్ యూనిట్ కోసి ఆ గుళికలతో చేస్తే మా కుర్రాడు "అబ్బా!" అని చెయ్యి విదిలించాడు. చెమ్మ పట్టిన యూనిట్ గుళికల మీద వేస్తే ఏమీ కాలేదు. తడిసిన ఇసుకలా చల్లగా పడున్నాయి. అవి ఎప్పుడో కడుపు నిండా తాగేశాయి.

స్టాండు దగ్గర ఏం జరిగింది

పాత ఫోన్‌లో ఫొటోలు వెతికితే పెరట్లో ఎవరో సెల్ఫీ తీసుకున్న దాంట్లో వెనకాల నాలుగో స్టాండు కనపడింది. పెరడు ఒక వైపుకి వాలు. స్టాండు కింద చెక్కలు పెట్టలేదు. టార్పాలిన్ నేల వరకు దిగి, కింద చుట్టూ ఇటుకలు పెట్టి ఉంది. పనివాళ్లు గాలికి ఎగరకుండా శ్రద్ధగానే చేశారు. ఆ శ్రద్ధే కొంప ముంచింది.

స్టాండు అడుగు పట్టా వెనక్కి వాలి ఉంటుంది, అద్దం జారకుండా. దానికి పెరటి వాలు తోడైంది. పల్లం వైపు పట్టాలో వాన నీళ్లు, పక్కన సిమెంటు కలిపిన చోటు నుంచి పారిన నీళ్లు నిలిచాయి. నీళ్లు పోయే కన్నం మట్టితో పూడుకుపోయింది. పన్నెండు అద్దాల అడుగు అంచులు ఆ నీళ్లలో వారాల తరబడి కూర్చున్నాయి. పాలీసల్ఫైడ్ అప్పుడప్పుడు తడిస్తే నష్టం లేదు, నానబెడితేనే చెడుతుంది.

పైగా టార్పాలిన్ కింద గాలి ఆడదు. పగలు ఆవిరి గది, రాత్రి చల్లదనం. డీజీయూ లోపల గాలి బందీ. అద్దం అసలు వంగదనుకుంటే, ఒక్క డిగ్రీ వేడి పెరిగితే లోపలి ఒత్తిడి దాదాపు 0.34 కిలోపాస్కల్ పెరుగుతుంది. పది డిగ్రీలకి 3.4, అంటే చదరపు మీటరు మీద సుమారు 340 కిలోల తోపు. నిజానికి అద్దం ఉబ్బి చాలావరకు ఆ ఒత్తిడిని దించేస్తుంది. కానీ అద్దం ఉబ్బినా లోపలికి కుంగినా ఆ కదలికని ప్రతిరోజూ భరించాల్సింది అంచులోని సీలే. నానుతున్న సీలుకి రోజూ ఈ కసరత్తు కూడా.

ఇంకో మాట ఒప్పుకోవాలి. ముందే ఒక హెచ్చరిక వచ్చింది, మేము చదవలేదు. ఒక గాలివానకి మూడో స్టాండు మీద టార్పాలిన్ ఎగిరిపోయింది. రెండు మూడు రోజులు ఎండ నేరుగా పడింది. రెండు అద్దాలు పగిలాయి. "రవాణాలో దెబ్బ" అని రిజిస్టర్‌లో రాసి కొత్తవి తెప్పించాం. ఫ్యాక్టరీ వాళ్లు మారు మాట్లాడకుండా పంపారు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ పగుళ్ల ఫొటో ఇప్పుడు చూస్తే విషయం స్పష్టంగా ఉంది. పగులు అంచుకి నిట్టనిలువుగా, మూలమట్టం పెట్టి గీసినట్టు మొదలైంది. కొంత దూరం నేరుగా వెళ్లి తర్వాత వంకర తిరిగింది. మొదలైన చోట పెచ్చు ఊడలేదు. దెబ్బ తగిలితే తగిలిన చోట పెచ్చు లేస్తుంది, అక్కడి నుంచి నాలుగైదు పగుళ్లు విచ్చుకుంటాయి. ఇది వేడి పగులు. కోటింగ్ ఉన్న అద్దాలు ఒకదానికొకటి ఆనించి ఎండలో పెడితే మధ్య భాగం కాలిపోతుంది, అంచులు చల్లగా ఉంటాయి. టఫెన్డ్ అద్దం తట్టుకుంటుంది, మామూలు అద్దానికి ఆ తేడా చాలు.

లెక్కలో మిగిలిన నాలుగు

పదికి కారణం దొరికింది. మిగిలిన నాలుగూ లోపల హాల్లో పొడిగా దాచిన పెద్ద యూనిట్లే. నాలుగూ కింది అంతస్తువి. ఇక్కడ స్టాండు కథ పనికిరాదు.

మొదటిదాన్ని దించి కింది అంచు మీద గోరు అడ్డంగా నడిపితే గోరు తట్టుకుంది. ఒక అద్దం రెండోదానికన్నా కిందికి జారింది. స్టీలు స్కేలు ఆనించి చూస్తే మిల్లీమీటరు తేడా ఉంది.

ఫ్రేము గాడిలో చూస్తే సెట్టింగ్ బ్లాకులు, అంటే అద్దం అడుగున బరువు మోసే రబ్బరు ముక్కలు, 20 మి.మీ. వెడల్పువి. వేరే పనిలో మిగిలినవి, స్టోర్ నుంచి ఇచ్చారు. యూనిట్ మందం 24. బ్లాకుని లోపలి వైపు ఆనించి పెట్టారు. లెక్క వేయండి: లోపలి అద్దం 6, ఖాళీ 12, కలిపి 18. ఇక బయటి అద్దం కింద బ్లాకు ఉన్నది 2 మి.మీ. మాత్రమే. ఆ అంచున రబ్బరు నొక్కుకుపోతుంది, దాంతో 54 కిలోల బయటి అద్దం గాల్లో వేలాడుతున్నట్టే. దాన్ని పట్టుకున్నది పాలీసల్ఫైడ్ ఒక్కటే. సీలెంట్ గాలిని, వేడిని తట్టుకుంటుంది కానీ ఏడాది పొడుగునా బరువు మోయడం దాని పని కాదు. మెల్లగా సాగింది, బ్యూటైల్ గీత పలచబడింది, తేమ దూరింది. మూడు యూనిట్లలో ఇదే కథ.

నాలుగోది వేరు. దాని మూలలో గాస్కెట్ (అద్దానికీ ఫ్రేముకీ మధ్య రబ్బరు పట్టీ) కొంచెం పొట్టిగా పడింది. ఇంటీరియర్ పనివాళ్లు చూసి, సాయం చేద్దామని చేతిలో ఉన్న సిలికాన్ పూసేశారు. పుల్లటి వాసన వచ్చే రకం అది. ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, డీజీయూ అంచుకి పడదు. ఆ మూలలో బ్యూటైల్ కరిగి నల్లటి దారంలా అద్దాల మధ్యకి జారింది. అప్పటి నుంచి ఏ సీలెంట్ ట్యూబు తెచ్చినా మా వాళ్లు ముందు మూత తీసి వాసన చూస్తున్నారు. డేటా షీట్ చదవడం సరైన పద్ధతే, కానీ సైట్‌లో ముక్కు త్వరగా పనిచేస్తుంది.

రెండోసారి

పద్నాలుగు కాదు, పదహారు మార్చాం. పల్లం వైపు మిగిలిన రెండూ పైకి బాగానే ఉన్నాయి, కానీ అవీ అదే నీళ్లలో కూర్చున్నాయి. అవి చెడే వరకు ఆగి మళ్లీ నిచ్చెనలు వేయించడం నాకు ఇష్టం లేదు.

కొత్త యూనిట్లు పంపమనే ముందు ఫ్రేములు, పనివాళ్లు, దించే మనుషులు సిద్ధంగా ఉన్నారని చూసుకున్నాం. వచ్చిన రోజే నేరుగా కింది హాల్లోకి, కిటికీ ఎండ పడని గోడ పక్కకి తీసుకెళ్లాం. స్టాండు అడుగున నీటిమట్టం పెట్టి చూసి చెక్కలు సర్దాం. అద్దం నిలువు నుంచి 5, 6 డిగ్రీలు మాత్రమే వెనక్కి వాలాలి. స్టాండు అడుగు, వీపు మూలమట్టంగా ఉండాలి. అప్పుడే రెండు అద్దాల అడుగులూ సమంగా ఆనతాయి. అడుగు వంకరగా ఉంటే ఒక అద్దమే మోస్తుంది. బ్లాకు దగ్గర జరిగిన తప్పే స్టాండు మీదా జరుగుతుందన్నమాట. మధ్యమధ్య కార్కు బిళ్లలు. ఏ యూనిట్‌నీ ఎప్పుడూ పడుకోబెట్టలేదు.

దించేటప్పుడు అటు ఒకటి, ఇటు ఒకటి. ఒక వైపే ఖాళీ చేసుకుంటూ పోతే రెండో వైపు బరువుకి స్టాండు తిరగబడుతుంది. ఈ చిన్న స్టాండు సంగతి వదిలేయండి, ఒక వైపు పన్నెండు చిన్న యూనిట్లుంటే 780 కిలోలు. మనిషి పక్కన ఉంటే ఆలోచించే టైమ్ కూడా ఉండదు. కట్టు విప్పే ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడటం నేను ఎవరికీ అప్పగించను.

అద్దం ఎత్తే సక్షన్ కప్పుల గురించి కొత్తవాళ్లకి ఒకటి చెబుతుంటాను. కప్పు పట్టుకునేది ముందున్న అద్దాన్నే. వెనక అద్దం సీలెంట్‌కి వేలాడుతూ వస్తుంది. మోసి పెట్టేంతసేపు ఫరవాలేదు. మధ్యలో ఆపి కబుర్లు పెట్టుకుంటే కాదు. అద్దం, కప్పు రెండూ పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. పంపు మీది ఎర్ర గీత కనపడితే మళ్లీ పంపు కొట్టాలి, లేదా దించేయాలి. మూల మీద ఆనించి తిప్పడం మాత్రం ఎంత పెద్ద మేస్త్రి చేసినా నేను ఒప్పుకోను. ఆ ఒక్క క్షణం యూనిట్ బరువంతా గోరంత మూల మీద పడుతుంది.

అద్దం పెట్టే ముందు ప్రతి ఫ్రేము గాడిలో మగ్గుతో నీళ్లు పోశాం. బయటికి కారాలి. మూడు ఫ్రేముల్లో కారలేదు. వీప్ హోల్స్, అంటే నీళ్లు పోయే కన్నాలు, ప్లాస్టర్ ముక్కలతో మూసుకుపోయాయి. ఇవి మూసుకుంటే పెరట్లో జరిగినదే గోడలోనూ జరుగుతుంది, కంటికి కనపడకుండా.

బ్లాకులు ఈసారి 28 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు, గట్టి రబ్బరువి, రబ్బరు గట్టిదనం కొలిచే షోర్ ఎ స్కేలు మీద 80 నుంచి 90 మధ్య. ఫిక్స్‌డ్ యూనిట్‌కి వెడల్పులో నాలుగో వంతు దగ్గర ఇటు ఒకటి, అటు ఒకటి. 1.5 మీటర్ల అద్దానికి మూల నుంచి 375 మి.మీ. అన్నమాట. నీళ్లు పోయే కన్నం మీద బ్లాకు కూర్చోకూడదు. తెరుచుకునే రెక్కలకి లెక్క వేరు: కీలు వైపు కింది మూలలో ఒకటి, దానికి ఎదురు పై మూలలో ఒకటి పెట్టి బరువుని కీలు మీదికి తోయాలి. లేకపోతే రెక్క జారి తలుపు నేలని రాస్తుంది. అద్దం చుట్టూ కనీసం 5 మి.మీ. ఖాళీ చూసుకున్నాం.

అద్దాన్ని ఫ్రేములో పట్టి ఉంచే బీడింగ్ పట్టీ కొట్టే ముందు లైటర్ వెలిగించి అద్దం ముందు పట్టుకున్నాం. నాలుగు మంటలు కనపడతాయి, ఒక్కో అద్దానికి రెండు. మూడు ఒకే రంగులో ఉంటాయి, కోటింగ్ ఉన్న ముఖం మీది మంట రంగు మారి కనపడుతుంది. బయట నిలబడి చూస్తే మన యూనిట్‌కి రెండోది మారాలి. ఊరికే చూద్దామని పాత వాటి ముందూ పట్టుకుంటే, మొదటిసారి తిరగేసి బిగించినవి రెండు బయటపడ్డాయి. వాటికి చెమ్మ పట్టలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. విప్పి, తిప్పి బిగించాం. ఆ గదిలో కూర్చునే వాళ్లకి తేడా తెలిసిందో లేదో అడగలేదు.

ఆ తర్వాత కూడా మెయింటెనెన్స్ ఆయన ఒక చలికాలం పొద్దున కంగారుగా ఫోన్ చేశారు. "సార్, మళ్లీ మొదలైంది!" బయట నుంచి వేలితో గీయమన్నాను. గీత పడింది. అది బయటి అద్దం మీది మంచు. లోపలి వేడి బయటి అద్దానికి చేరడం లేదు కాబట్టే అక్కడ కురిసింది. యూనిట్ బాగా పనిచేస్తోందని అర్థం. గది లోపలి ముఖం మీద పడితే గదిలో తేమ ఎక్కువని. వేలు ఏ వైపు గీసినా గీత పడకపోతేనే నాకు ఫోన్ చేయమన్నాను.

మూడో ఏట ఆ ఫోన్ వచ్చింది. స్పేసర్ మీద నంబరు చదివించుకుని చలాన్ తీశాను. నాలుగో స్టాండు, మెరక వైపు, చివరి యూనిట్. నీళ్లు అక్కడిదాకా కూడా వచ్చాయన్నమాట. ఆ వైపు ఇంకా పదకొండు ఉన్నాయి. వాటి నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఆయనకి పంపాను, ప్రతి నెలా ఒక పొద్దున టార్చితో చూస్తున్నారు.